గోడ అవతల పాలావు ఉంది: పశువ్యాధుల ల్యాబ్‌ను పై స్థాయి భద్రతకు మార్చుకోవడం ఎలా

తెల్లారి ఐదున్నరకు చంద్రగిరి, పాకాల, పూతలపట్టు వైపు ఏ ఊళ్లో చూసినా పాలకేంద్రం ముందు క్యాన్లతో జనం కనబడతారు. చాలా ఇళ్లలో ఉండేది ఒకటో రెండో సంకరజాతి ఆవులు. పిల్లల ఫీజు, బ్యాంకు వాయిదా, పండక్కి బట్టలు అన్నీ ఆ పొదుగులోంచే రావాలి. పశువ్యాధుల ల్యాబ్‌లో పనిచేసేవాళ్లు ఈ మాట ఒక్కరోజు కూడా మరిచిపోకూడదు. మన గోడకు ఇవతల సీసాలో ఉన్న క్రిమికీ అవతల కొట్టంలో ఉన్న ఆవుకూ మధ్య ఉండేది మన ఏర్పాట్లే.

చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో చాలా ఏళ్లు ల్యాబ్ పనిలో గడిపాను. పాత భవనాన్ని పై స్థాయికి మార్చే పనిని మొదటి నుంచి చివరిదాకా దగ్గరుండి చూశాను. అందులో తెలుసుకున్నవి, చేసి ఉండాల్సింది అనుకున్నవి కలిపి, ఇప్పటికే నడుస్తున్న ఒక మామూలు ల్యాబ్‌ను బీఎస్‌ఎల్-3 వైపు తీసుకెళ్లాలనుకునే వాళ్ల కోసం రాస్తున్నాను. బీఎస్‌ఎల్ అంటే జీవభద్రత స్థాయి, ఒకటి నుంచి నాలుగు దాకా ఉంటుంది, అంకె పెరిగేకొద్దీ కట్టుదిట్టం పెరుగుతుంది. కొత్తగా కట్టుకునేవాళ్లకు దారి వేరు, వాళ్ల పని కొంత సులువు కూడా.

మొదటి అడుగు: ఏ రోగం, దానితో ఏ పని

అందరూ మొదట ఆర్కిటెక్టుకు ఫోన్ చేస్తారు. అది ఆరు నెలల తర్వాత చేయాల్సిన ఫోన్. ముందు ఒక పెద్ద తెల్లకాగితం తీసుకుని మీ ల్యాబ్‌కు వచ్చే రోగాలన్నీ వరసగా రాయండి: దొమ్మరోగం (ఆంత్రాక్స్), ఈసుడు రోగం (బ్రూసెల్లోసిస్), గాలికుంటు, గొంతువాపు, జబ్బవాపు, గొర్రెల్లో పారుడు రోగం, నీలినాలుక, లంపీ స్కిన్, రేబిస్, కోళ్లలో కొక్కెర, బర్డ్ ఫ్లూ. ఒక్కోదాని ఎదురుగా రెండు ప్రశ్నలు వేసుకోండి. ఇది పనిచేసే మనిషికి సోకుతుందా? ఇది బయటికి పోతే పశువులకు ఏమవుతుంది?

మనుషుల ఆసుపత్రి ల్యాబ్‌కు చాలావరకు మొదటి ప్రశ్న సరిపోతుంది. మనకు సరిపోదు. గాలికుంటు వైరస్ మనిషిని దాదాపు ఏమీ చేయదు. కానీ బయటపడితే రోజుల్లో మండలాలు దాటుతుంది, పాలు ఎండిపోతాయి, దూడలు చచ్చిపోతాయి. ఈసుడు రోగం అలా కాదు. ఆవుకు చూడి పోయేలా చేసే ఆ బ్రూసెల్లా క్రిమి ల్యాబ్‌లో పనిచేసే మనిషికి నెలల తరబడి జ్వరం, కీళ్లనొప్పులు అంటగడుతుంది. ప్రపంచమంతటా ల్యాబ్ సిబ్బందికి పనిలో సోకే బ్యాక్టీరియా జబ్బుల్లో ముందు వరసలో ఉండేది అదే. కాబట్టి ఒకదానికి మనిషిని కాపాడే గది కావాలి, ఇంకోదానికి ఊరిని కాపాడే గది కావాలి. ఈ రెండూ ఒకటే అనుకుని డిజైన్ చేస్తే ఏదో ఒకటి తప్పిపోతుంది.

ఇప్పుడు మూడో గడి: ఆ రోగంతో మీరు చేసే పని ఏమిటి? ఈసుడు రోగానికి రక్తరసంలో యాంటీబాడీలు చూసే పరీక్షలు మంచి పద్ధతులు పాటించే బీఎస్‌ఎల్-2లో చేసుకోవచ్చు. అదే క్రిమిని ప్లేటులో పెంచాలంటే గది స్థాయి పెరగాలి. దొమ్మరోగం అనుమానం ఉంటే చెవి నరం నుంచి ఒక్క రక్తపు చుక్క స్లైడు మీద తీసుకుని రంగు వేసి చూస్తే చాలాసార్లు విషయం తేలిపోతుంది. కళేబరాన్ని కోయకూడదు. కోసిన క్షణం నుంచి గాలి తగిలి బీజాలు (క్రిమి నిద్రాణంగా దాగి ఉండే గట్టి రూపం) కడతాయి, అవి మట్టిలో దశాబ్దాలు బతుకుతాయి.

ఈ జల్లెడ పట్టాక మిగిలేది మీరు అనుకున్నదానికంటే చాలా తక్కువ. గాలికుంటు వైరస్‌తో లోతైన పని భువనేశ్వర్ దగ్గరి జాతీయ సంస్థ చూసుకుంటుంది. బర్డ్ ఫ్లూ అనుమానపు నమూనాలు భోపాల్‌లోని నిషాద్‌కు (పశువ్యాధుల జాతీయ అధిక భద్రతా సంస్థ) పోతాయి. 2024 ఫిబ్రవరిలో పక్కనే నెల్లూరు జిల్లాలో కోళ్లు చచ్చిపోయినప్పుడూ నమూనాలు అక్కడికే పంపారు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. తిరుపతి, చిత్తూరు లాంటి చోట చాలా ల్యాబులకు కావలసింది గట్టిగా నడిచే బీఎస్‌ఎల్-2, దాని లోపల ఒకే ఒక్క చిన్న బీఎస్‌ఎల్-3 గది. భవనం మొత్తాన్ని మారుస్తామని మొదలుపెట్టి మధ్యలో డబ్బులు చాలక తాళం వేసిన గదులు చూశాను. ఆ తాళాలు చూస్తే ఇప్పటికీ బాధేస్తుంది.

రెండో అడుగు: ఫ్రీజర్ తెరవండి

దీని మీద నేను ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే దీన్ని ఎవరూ ఇష్టంగా చేయరు. ప్రతి పాత ల్యాబ్‌లో ఒక ఫ్రీజర్ ఉంటుంది. రిటైరైపోయిన వాళ్లు పెట్టిన సీసాలు, చెరిగిపోయిన అక్షరాలు, మంచులో అతుక్కుపోయిన డబ్బాలు. లోపల ఏముందో తెలియకుండా పై స్థాయికి మారడమంటే, ఇంట్లో పాము ఉందో లేదో చూడకుండా తలుపులు బిగించుకోవడమే.

రెండు వారాలు కేటాయించండి. ఇద్దరు మనుషులు: ఒకరు తీసేవారు, ఒకరు రాసేవారు. గ్లవ్స్, మాస్కు వేసుకుని, అనుమానం ఉన్న ప్రతి సీసాను బయోసేఫ్టీ క్యాబినెట్‌లోనే (గాలిని వడగట్టి, క్రిమి మనిషి వైపు రాకుండా ఆపే పెట్టెలాంటి బల్ల) ముట్టుకోండి. ప్రతి సీసాకు ఏ క్రిమి, ఎక్కడి నుంచి, ఏ సంవత్సరం, ఎవరు పెట్టారు, ఎంత ఉంది అని రిజిస్టర్‌లో ఎక్కించండి. పేరు తెలియనివి, ఎవరికీ అవసరం లేనివి ఆటోక్లేవ్ చేసి, అంటే ఒత్తిడి మీద వేడి ఆవిరిలో ఉడికించి, పారేయండి. "ఎప్పుడైనా పనికొస్తుందేమో" అన్న మాట ఇక్కడ చెల్లదు.

ఒక్క విషయంలో మాత్రం ఇంకా జాగ్రత్త. రిండర్‌పెస్ట్, మన పెద్దవాళ్లు ముసర రోగం అనేది, 2011లో భూమ్మీద లేకుండా పోయింది. జంతువుల రోగాల్లో పూర్తిగా తుడిచిపెట్టింది అదొక్కటే. ఇప్పుడు ఆ వైరస్ ఉన్న పదార్థం, పాత టీకా సీసాలైనా సరే, అనుమతి పొందిన కొద్ది సంస్థల్లో తప్ప ఎక్కడా ఉండకూడదు. మన దేశంలో ఆ బాధ్యత భోపాల్ నిషాద్‌ది. 2000 కంటే ముందు నుంచీ నడుస్తున్న ల్యాబ్ మీదైతే, ఆ పేరుతో సీసా ఏదైనా దొరికిందంటే అక్కడితో ఆపి, తాళం వేసి, పశుసంవర్ధక శాఖ ద్వారా రాతపూర్వకంగా తెలియజేయండి. మీ అంతట మీరే పారేయొద్దు, దాచుకోవద్దు.

మూడో అడుగు: కాగితాలు

ఇది త్వరగా చెప్పేస్తాను, కానీ పని మాత్రం త్వరగా అవదు. సంస్థలో బయోసేఫ్టీ కమిటీ ఉండాలి, దాని మినిట్స్ నిజంగా జరిగిన సమావేశాలవై ఉండాలి. బయోటెక్నాలజీ శాఖ 2017లో ఇచ్చిన నియమావళి, బీఎస్‌ఎల్-2, 3 గదుల నిర్మాణం మీద, ధ్రువీకరణ మీద 2020లో ఇచ్చిన మార్గదర్శకాలు ముందే చదివి, వాటి ప్రకారమే టెండరు షరతులు రాయాలి. జంతువులతో ప్రయోగాలుంటే వాటిని పర్యవేక్షించే కేంద్ర కమిటీ సీసీఎస్‌ఈఏ అనుమతి కావాలి. వ్యర్థాలకు 2016 బయోమెడికల్ వేస్ట్ నిబంధనల కింద కాలుష్య నియంత్రణ మండలి అనుమతి కావాలి. పశువుల అంటువ్యాధుల మీద 2009లో వచ్చిన కేంద్ర చట్టం, క్రిములతో పనిచేసే ప్రతి సంస్థా అవి బయటికి పోకుండా చూడటాన్ని చట్టబద్ధమైన బాధ్యతగా చేసింది. ల్యాబ్ అధిపతి ఆ భాగాన్ని సొంతంగా ఒకసారి చదవాలి, క్లర్కు చెప్పింది విని ఊరుకోకూడదు.

నాలుగో అడుగు: పాత భవనాన్ని నిజాయితీగా చూడటం

తెలిసిన స్ట్రక్చరల్ ఇంజనీరును, ఏసీ పని బాగా తెలిసిన ఇంజనీరును ఒకే రోజు పిలవండి. వేర్వేరుగా పిలిస్తే ఒకరు వద్దన్న గోడకే ఇంకొకరు కన్నం పెట్టమంటారు. చూడాల్సినవి ఇవి: స్లాబు ఎత్తు ఎంత? గది పైన డక్టులు, ఫిల్టర్ పెట్టెలు పట్టడానికి, వాటిని మార్చే మనిషి నిలబడడానికి చోటు కావాలి. పాత భవనాల్లో ఎక్కువసార్లు ఇక్కడే కుదరదని తేలుతుంది. గోడల్లో పగుళ్లు ఉన్నాయా? స్లాబు చెమ్మగిల్లుతోందా? పైన ఫిల్టర్ల బరువు మోయగలదా?

నీళ్ల సంగతి విడిగా చెప్పాలి. మనకు వరదంటే ఈశాన్య రుతుపవనమే. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులైన సంగతి ఇక్కడివాళ్లెవరూ మరిచిపోలేరు. ఆ రోజు మీ ల్యాబ్ గడప దగ్గర నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో పాత అటెండరును అడగండి, గోడ మీద గీత గీయించండి. కరెంటు ప్యానెళ్లు, జనరేటర్, మురుగునీటి ట్యాంకు పంపులు అన్నీ ఆ గీతకు బాగా పైన ఉండాలి. సెల్లార్‌లో ట్యాంకు పెడదామన్న ఆలోచన ఎవరు తెచ్చినా ఒప్పుకోవద్దు.

ఐదో అడుగు: గాలి

బీఎస్‌ఎల్-3 గది ప్రాణమంతా గాలి నడకలో ఉంది. సూత్రం ఒక్కటే: గాలి ఎప్పుడూ శుభ్రమైన చోటి నుంచి ప్రమాదమున్న చోటికే పోవాలి, వెనక్కి రాకూడదు. అందుకే వరండా కంటే బట్టలు మార్చుకునే గదిలో, దానికంటే లోపలి ల్యాబ్‌లో ఒత్తిడి కొంచెం కొంచెం తగ్గుతూ పోవాలి. ఒక్కో మెట్టుకు 12 నుంచి 15 పాస్కల్ తేడా పెట్టుకోవడం వాడుక. ఇది ఎంత సన్నటి తేడానో తెలియాలంటే, 12.5 పాస్కల్ అంటే ఒకటింబావు మిల్లీమీటరు ఎత్తు నీళ్లు పెట్టే ఒత్తిడి మాత్రమే. రెండు చదరపు మీటర్ల తలుపు మీద రెండున్నర కిలోల తోపు. తలుపు కింద సందు, స్విచ్‌బోర్డు వెనక కన్నం, పైకప్పులో పైపు పోయిన చోటు సీలు చేయని ఖాళీ, వీటిలో ఏ ఒక్కటి చాలు ఆ తేడా మాయమవడానికి. అందుకే లక్షల రూపాయల ఫ్యాన్ కంటే ముందు సీలెంట్ పట్టుకుని గది చుట్టూ తిరిగే ఓపికగల మేస్త్రీ దొరకాలి.

బయటికి పోయే గాలి హెపా ఫిల్టర్ దాటాలి. 0.3 మైక్రాన్ల కణాల్లో నూటికి 99.97 పట్టేది హెపా. దాన్ని ఉన్నచోటే శుద్ధి చేసి, ఉన్నచోటే లీకు పరీక్ష చేసుకునేలా పెట్టె బిగించాలి. చౌకగా వస్తుందని ఆ వీలు లేని పెట్టె పెడితే, ఫిల్టర్ మార్చాల్సిన రోజున ఎవరి ప్రాణం పణంగా పెడతారు?

ఇప్పుడు మన ఊరి ఎండ. ఈ గదిలో గాలిని తిప్పి వాడకూడదు, ఒకసారి లోపలికొచ్చిన గాలి బయటికే పోవాలి. ఐదు మీటర్ల పొడవు, నాలుగు వెడల్పు, మూడు ఎత్తు ఉన్న గది 60 ఘనపు మీటర్లు. గంటకు 12 సార్లు గాలి మారాలంటే 720 ఘనపు మీటర్లు. మే నెలలో 42 డిగ్రీల గాలిని అంతంత తీసుకుని, చల్లార్చి, తేమ తీసి, గంట గడవకుండా బయట పారబోస్తూనే ఉండాలి. రాత్రీ పగలూ, ఆదివారం, సంక్రాంతి అన్నీ కలిపి. చల్లటి ఊళ్ల డిజైను తెచ్చి పెడితే మొదటి వేసవికే యంత్రం చతికిలబడుతుంది. కరెంటు బిల్లును ప్రాజెక్టు ఖర్చులో చూపకుండా తప్పించుకోవద్దు. పదేళ్ల బిల్లు వేసి, పై అధికారికి రాతలో ఇవ్వండి. ఆ అంకె చూసి వెనక్కి తగ్గితే ఇప్పుడే తగ్గడం మేలు.

ఎగ్జాస్ట్ ఫ్యాన్లు రెండు ఉండాలి. ఒకటి ఆగితే రెండోది తనంతట తానే అందుకోవాలి. లోపలికి గాలి తోసే ఫ్యాన్ మాత్రం, ఎగ్జాస్ట్ ఆగిన వెంటనే తానూ ఆగిపోవాలి. లేకపోతే గది బెలూన్‌లా ఉబ్బి, లోపలి గాలి సందుల్లోంచి వరండాలోకి వస్తుంది. తలుపుల పక్కన ఒత్తిడి చూపే మీటరు, లోపలికి అడుగుపెట్టేవాడి కంటి ఎత్తులో ఉండాలి. కంప్యూటరులో కనబడుతుంది కదా అంటారు. ఆ కంప్యూటరు ముందు ఎవరూ ఉండరు.

గది లోపల బయోసేఫ్టీ క్యాబినెట్ చోటు గురించి ఒక్క మాట. అది తలుపుకు, ఏసీ గాలి వచ్చే చోటుకు దూరంగా ఉండాలి. దాని ముందు గాలి తెర సెకనుకు అర మీటరు వేగంతో నడుస్తుంది. పక్కనుంచి మనిషి విసురుగా నడిచినా అంతకంటే ఎక్కువ గాలి లేస్తుంది.

ఆరో అడుగు: నీళ్లు, వ్యర్థాలు

2007 ఆగస్టులో ఇంగ్లండ్‌లోని పిర్‌బ్రైట్ దగ్గర పొలాల్లో ఆవులకు గాలికుంటు వచ్చింది. విచారణలో తేలిందేమిటంటే, ఆ వైరస్ పక్కనే ఉన్న పరిశోధన, టీకా తయారీ ప్రాంగణానిదే. పాతబడి చిల్లులు పడిన మురుగు పైపుల్లోంచి మట్టిలోకి ఇంకి, అక్కడ కట్టుబడి పనికి వచ్చిపోయే లారీల టైర్లకంటుకుని బయటికి పోయి ఉండొచ్చని నిర్ధారణకు వచ్చారు. అది ప్రపంచంలోనే పేరున్న చోటు. అక్కడ గాలి మీద ఎంతో శ్రద్ధ పెట్టారు. పోయింది మాత్రం మురుగులోంచి.

కాబట్టి పాత డ్రైనేజీ నక్షా ఎక్కడుందో వెతకండి. దొరక్కపోతే, చాలాచోట్ల దొరకదు, సింకుల్లో రంగునీళ్లు పోసి ఎక్కడ తేలుతాయో చూడండి. మేం అలా పోసినప్పుడు ఒక సింకు నీళ్లు సెప్టిక్ ట్యాంకులోకి కాకుండా కాంపౌండు గోడ కింద నుంచి వాన కాలువలోకి పోతున్నాయని తెలిసింది. ఆ కాలువ పక్కనే మేకలు మేస్తున్నాయి. ఎన్నేళ్లుగా అలా పోతోందో చెప్పగలిగినవాళ్లు ఎవరూ లేరు. ఆ సాయంత్రం ఎవరికీ మాట రాలేదు.

కొత్త ఏర్పాటులో లోపలి నీళ్లన్నీ ఒక మూసిన ట్యాంకుకు చేరాలి, అక్కడ వేడితో ఉడికి, చల్లారి, అప్పుడే బయటికి పోవాలి. పైపులు మట్టిలో పూడ్చకండి. కంటికి కనబడేలా, కింద పట్టుడు తొట్టి ఉండేలా నడపండి. లోపల సింకులు ఎంత తక్కువ ఉంటే అంత మంచిది. చేతులు కడిగే ఒక్క సింకు చాలు.

ఘన వ్యర్థాలకు రెండు తలుపుల ఆటోక్లేవ్ కావాలి. ఒక తలుపు లోపలికి, ఒకటి బయటికి, రెండూ ఒకేసారి తెరుచుకోవు. ఇక్కడ నేను పాఠం నేర్చుకున్న సంగతి చెప్పాలి. 121 డిగ్రీలు చూపింది, వేడి తగిలిందని తెలియడానికి అంటించిన టేపు రంగు మారింది, అంతా బాగుందనుకున్నాం. తర్వాత ఒకరోజు సంచి మధ్యలో బీజాల పరీక్ష సీసా పెట్టి చూస్తే, దాన్ని ఇంక్యుబేటర్‌లో ఉంచాక క్రిమి పెరిగింది. టేపుకు వేడి తగిలింది, సంచి నడుమకు తగల్లేదు. మూతి బిగించి కట్టిన సంచిలో గాలి ఇరుక్కుని ఆవిరిని లోపలికి పోనివ్వలేదు. అప్పటి నుంచి మూతి వదులుగా కట్టడం, సంచి సగమే నింపడం, ప్రతి వారం బరువైన లోడు నడిబొడ్డున బీజాల సీసా పెట్టి పరీక్షించడం నియమం చేసుకున్నాం. మీరు మొదటి రోజే పెట్టుకోండి.

మందు నీళ్ల విషయం చిన్నది కాదు. 2019లో చైనాలోని లాన్‌జౌలో ఒక టీకా ఫ్యాక్టరీ గడువు తీరిన క్రిమిసంహారకం వాడటంతో బ్రూసెల్లా గాలిలో కలిసి, పదివేల మందికి పైగా మనుషులకు పరీక్షల్లో సోకినట్టు తేలింది. మన ఎండకు బ్లీచింగ్ పౌడర్, హైపోక్లోరైట్ త్వరగా బలం కోల్పోతాయి. డబ్బా మీద తెరిచిన తేదీ రాయండి, పలచన చేసిన ద్రావణం ఏ రోజుది ఆ రోజే కలపండి. పేడ, రక్తం ఉన్న చోట క్లోరిన్ వాటి మీదే ఖర్చయిపోతుంది, క్రిమి దాకా చేరదు. గాలికుంటు వైరస్‌కు ఆమ్లం, క్షారం రెండూ పడవు, 4 శాతం వాషింగ్ సోడా ద్రావణం పనిచేస్తుంది. దొమ్మరోగం బీజాలకు స్పిరిట్ ఏమీ చేయదు. ఏ క్రిమికి ఏ మందు, ఎంతసేపు అన్నది గది గోడ మీద తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి ఉండాలి, ఎందుకంటే తుడిచేది ప్రొఫెసర్ కాదు.

పెద్ద జంతువులను రోగంతో లోపల ఉంచుదామా అని అడుగుతారు. నా సలహా వద్దనే. ఎలుకను పంజరంతో సహా క్యాబినెట్‌లో పెట్టొచ్చు, ఆవును పెట్టలేం. గదే పంజరం అవుతుంది. రోజుకు ఇరవై కిలోలకు అటూఇటూ పేడ, మూత్రం, కడిగిన వందల లీటర్ల నీళ్లు, చివరికి కళేబరం. వీటన్నిటినీ క్రిమి లేకుండా చేసి బయటికి పంపే ఏర్పాటు మొత్తం ల్యాబ్ కంటే ఖరీదు.

ఏడో అడుగు: మనుషులు

గాలికుంటు వైరస్ మనిషికి జబ్బు చేయకపోయినా ముక్కులో, గొంతులో ఒక రోజు దాకా నిలవగలదు. అందుకే ఆ వైరస్‌తో పనిచేసే చోట, పని చేసి వచ్చినవాళ్లు కొన్ని రోజులపాటు గిట్టలు చీలిన పశువుల దగ్గరికి పోకూడదని నియమం పెడతారు. విదేశీ పుస్తకంలో చదివితే ఇది చిన్న నియమం. మన దగ్గర అదే పెద్ద సమస్య. మా అటెండరుతో ఈ మాట చెప్పినప్పుడు ఆయన చాలాసేపు నా ముఖం చూసి, "సార్, ఇంటికి పోయి పాలు పిండకపోతే ఎట్లా? నా పెండ్లానికి చెయ్యి సరిగా లేదు" అన్నాడు. అందులో మొండితనం ఏమీ లేదు, ఉన్నమాటే చెప్పాడు.

కాబట్టి ల్యాబ్‌లో ఎవరికి ఇంట్లో పశువులున్నాయి, ఎవరి తమ్ముడు గొర్రెలు మేపుతాడు, ఎవరు కనుమ రోజు పశువుల పండగలో ముందుంటారు అని ముందే అడిగి రాసుకోండి. అలాంటివాళ్లను పశువులకు సోకే క్రిములున్న గదికి పంపకండి. జీతం, ప్రమోషను తగ్గకుండా నమూనాల స్వీకరణలోనో, యంత్రాల కాపలాలోనో పెట్టండి. శిక్షలా చేస్తే అందరూ పశువులు లేవనే చెబుతారు. అప్పుడు మీ నియమం కాగితం మీదే ఉంటుంది.

మాస్కు ముఖానికి అతుక్కుంటేనే పనిచేస్తుంది. గడ్డం ఉంటే ఎన్95 అతుక్కోదు. తిరుమల మొక్కు కోసం గడ్డం పెంచుతున్న కుర్రాడిని తీసేయమని అడగడం తప్పు. కొండకు వెళ్లి మొక్కు తీర్చుకుని వచ్చేదాకా బయటి పని ఇవ్వండి. కొత్తగా చేరిన ప్రతి ఒక్కరికీ మాస్కు సరిపోతుందో లేదో విడిగా పరీక్ష చేయాలి, అందరికీ ఒకే కంపెనీ మాస్కు సరిపోదు. పూర్తి సూటులో మన వేసవిలో రెండు గంటలకు మించి ఎవరినీ లోపల ఉంచకండి. ఉక్కపోతకు తల తిరిగినవాడే సూది గుచ్చుకుంటాడు.

పనిలో చేరిన రోజే రక్తం తీసి, రసాన్ని ఫ్రీజ్ చేసి దాచండి. రేపు జ్వరం వస్తే పోల్చుకోవడానికి అదే ఆధారం. రేబిస్ నమూనాలు ముట్టుకునేవాళ్లకు ముందస్తు టీకా, తర్వాత కాలానుసారం యాంటీబాడీ పరీక్ష తప్పనిసరి. ప్రతి ఒక్కరి జేబులో ఒక కార్డు ఉండాలి: "నేను పశువ్యాధుల ల్యాబ్‌లో బ్రూసెల్లాతో పనిచేస్తున్నాను." ఎందుకంటే పది రోజుల జ్వరంతో ఏ క్లినిక్‌కు పోయినా టైఫాయిడ్ అనే మొదలుపెడతారు. రుయా, స్విమ్స్ లాంటి ఆసుపత్రుల్లో అంటువ్యాధుల డాక్టరును ముందే కలిసి, మీ ల్యాబ్‌లో ఏయే క్రిములున్నాయో జాబితా ఇచ్చి రండి. గర్భిణులు, వ్యాధినిరోధక శక్తి తక్కువున్నవాళ్లు ఆ గదిలో పనిచేయకూడదు. ఆ సంగతి ఎవరికి చెప్పుకోవాలో కూడా వాళ్లకు తెలియాలి.

శిక్షణ గురించి: క్లాసులు సరిపోవు. గ్లవ్స్‌కు అల్ట్రావయొలెట్ వెలుతురులో మెరిసే పొడి రాసి, పని చేయించి, సూటు విప్పించి, గది దీపాలు ఆర్పి ఆ వెలుతురులో చూడండి. చెవి వెనక, మణికట్టు మీద, సెల్‌ఫోన్ మీద మెరుపు కనబడుతుంది. నా మెడ మీద కూడా కనబడింది. ఆ ఒక్క రాత్రి నేర్పినంత పది ఉపన్యాసాలు నేర్పలేదు.

ఎనిమిదో అడుగు: పని జరుగుతున్న రోజులు

గోడలు పగలగొట్టే ముందు పాత గదులను ఫ్యూమిగేషన్ చేసి, అంటే మందు పొగతో శుద్ధి చేసి, అయిందని పరీక్షతో రుజువు చేసుకోండి. పని జరిగినన్నాళ్లూ క్రిములు ఆ ప్రాంగణంలో ఉండకూడదు, ఇంకో ల్యాబ్‌తో మాట్లాడుకుని అక్కడికి పంపండి. పాత డ్రైను చుట్టూ తవ్విన మట్టి బయటికి పోనివ్వకండి. లారీలు గేటు దాటే ముందు టైర్లు కడగాలి. కూలీలకు ఇది ఏ భవనమో చెప్పండి. చెప్పకపోతే పాత ఫ్రీజర్ తలుపును ఇంటికి తీసుకుపోతారు.

జిల్లాలో నమూనాలు ఆగవు కదా. ఆర్టీసీ కార్గోలో థర్మోకోల్ పెట్టెల్లో వస్తూనే ఉంటాయి. తాత్కాలికంగా నమూనాలు తీసుకునే ఒక కిటికీ, ఒక క్యాబినెట్ ఉన్న గది వేరేచోట నడపండి. ఈ అవకాశంతోనే మూడు పొరల ప్యాకింగ్ అలవాటు చేయించండి: నమూనా సీసా, దాని చుట్టూ పీల్చుకునే దూదితో లీకు కాని డబ్బా, ఆపైన గట్టి పెట్టె. కారుతున్న పెట్టె వస్తే తెరవకుండా క్యాబినెట్‌కు తీసుకెళ్లాలి, పంపిన పశువైద్యుడికి ఆ రోజే ఫోన్ చేయాలి.

తొమ్మిదో అడుగు: పగలగొట్టడానికి ప్రయత్నించడం

కాంట్రాక్టరు తాళాలు అప్పగించిన రోజు పూలదండలు వద్దు. ఆ రోజు నుంచి మూడు నెలలు, క్రిమి లేకుండా, గదిని ఓడించడానికి మీరే ప్రయత్నించాలి. పొగ గొట్టం తలుపు సందు దగ్గర పెట్టండి, పొగ లోపలికే పోవాలి. హెపాలకు లీకు పరీక్ష బయటి సంస్థతో చేయించండి, అమర్చినవాళ్లతోనే వద్దు. ఒక ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆపండి. తర్వాత రెండూ ఆపండి. తలుపు తెరిచి పట్టుకోండి. చివరికి, అతి ముఖ్యమైనది, మధ్యాహ్నం రెండు గంటలకు మెయిన్ స్విచ్ దించేయండి. జనరేటర్ అందుకునేదాకా ప్రతి సెకనూ ఒత్తిడి రాసుకోండి. ఒక్క క్షణం కూడా గది బయటికి ఊదకూడదు.

మేం మొదటిసారి చేసినప్పుడు ఒత్తిడి మీటరు ముల్లు సున్నా దాటి అటువైపు పోయింది. తప్పు ఫ్యాన్‌ది కాదు, లోపలికి గాలి తెచ్చే డక్టులో మూత నెమ్మదిగా పడుతోంది. దాన్ని మార్చి, మళ్లీ దించాం, మళ్లీ మార్చాం. ఐదోసారికి నిలబడింది. ఆ ఆలస్యానికి పైనుంచి చాలా ఒత్తిడి వచ్చింది, ప్రారంభోత్సవం తేదీ రెండుసార్లు మారింది. టెన్షన్ పడ్డాం కానీ సంతకం పెట్టలేదు. మీరూ పెట్టకండి.

ఆ పరీక్షలన్నీ గట్టెక్కాక ధ్రువీకరణకు దరఖాస్తు, తర్వాత హాని చేయని క్రిమితో కొన్ని వారాల పని, ఆ తర్వాతే ఒక్క క్రిమి, ఇద్దరు మనుషులు. ఏడాదికోసారి గదిని మూసి, శుద్ధి చేసి, ఫిల్టర్లు, క్యాబినెట్లు, ఆటోక్లేవ్, మీటర్లు అన్నీ మళ్లీ పరీక్షించాలి. ఆ వార్షిక మరమ్మతు డబ్బును మొదటి బడ్జెట్‌లోనే ఐదేళ్లకు కట్టి పెట్టుకోండి.

మేం ఆ మూసివేత రోజుల్లో, గది శుద్ధయ్యాక, చుట్టుపక్కల ఊళ్ల రైతులను పిలిచి లోపలికి తీసుకెళ్లి చూపించేవాళ్లం. సూట్లు, ఫ్యాన్లు, ఉడికించే ట్యాంకు అన్నీ. మొదటి ఏడాది ఒక పెద్దాయన అంతా చూసి, తలుపు దగ్గర ఆగి అడిగాడు: "సారూ, ఇదంతా సరే. కరెంటు పోతే ఎట్లా?"

నేను ఆయన్ను మీటరు ముందు నిలబెట్టి, మెయిన్ దించమని చెప్పాను. దీపాలు ఆరిపోయాయి. ముల్లు కొంచెం వణికింది, కొంచెం పైకి లేచింది, సున్నా దాకా పోలేదు. వెనక జనరేటర్ అందుకుంది. ముల్లు మళ్లీ తన చోటికి వచ్చి నిలిచేదాకా ఆయన దాని మీద నుంచి చూపు తిప్పలేదు.